క్యాజువాలిటీలో రద్దీ ఎందుకు? తగ్గేదెలా?

"డాక్టరు గారు ఎదురుగానే ఉన్నారు, సిస్టర్లూ ఉన్నారు. అయినా మమ్మల్ని ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు?" క్యాజువాలిటీకి వచ్చినవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ సంచికలో దానికి వివరంగా జవాబు చెప్పదలచుకున్నాము.

జ్వరాలు, దగ్గులే కారణమా?

చిన్నచిన్న జబ్బులకు కూడా జనం ఎమర్జెన్సీకే వస్తున్నారు, అందుకే ఈ రద్దీ అని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వందకు పైగా అత్యవసర విభాగాలను పరిశీలించి 2007లో వెలువరించిన ఒక అధ్యయనం ఈ సంగతిని లెక్కగట్టి చూపింది. ఎనిమిది గంటల్లో చిన్న జబ్బులవారు పదిమంది అదనంగా వచ్చినా, మిగతా రోగులు అక్కడ ఉండవలసిన సమయం సగటున 5 నిమిషాల పైచిలుకు మాత్రమే పెరిగింది. ఎందుకంటే చిన్న జబ్బుతో వచ్చినవారికి కావలసింది ఒక కుర్చీ, డాక్టరు పరీక్ష, మందుల చీటీ. వారికి బెడ్డు అక్కరలేదు.

తూము పూడుకుపోతే...

ఊరి చెరువును ఒకసారి తలచుకోండి. వాగు నీరు వచ్చి చేరుతూనే ఉంటుంది. తూము సరిగా పారుతున్నంతకాలం ఇబ్బంది లేదు. తూము పూడుకుపోతే మామూలు వానకే నీరు కట్ట అంచును తాకుతుంది. క్యాజువాలిటీ కూడా అంతే. వచ్చేవారు, లోపల జరిగే వైద్యం, బయటికి వెళ్ళే దారి అని 2003లో అమెరికా వైద్యులు కొందరు ఈ సమస్యను మూడు భాగాలు చేసి వివరించారు. పెద్ద చిక్కు తరచుగా మూడోదాని దగ్గరే వస్తుంది.

డాక్టరు చూడడం అయిపోతుంది, అడ్మిషను కూడా రాస్తారు. కానీ వార్డులో బెడ్డు ఖాళీ లేక రోగి క్యాజువాలిటీలోనే ఉండిపోతారు. అక్కడి బెడ్డు, ఆక్సిజన్, మానిటరు, సిస్టరు సమయం అన్నీ వారికే సరిపోతాయి. ఆరు బెడ్ల క్యాజువాలిటీలో ఇలాంటివారు ఐదుగురు ఉంటే, కొత్తగా వచ్చేవారికి మిగిలేది ఒక్క బెడ్డే.

ఇది కేవలం విసుగుకు, అసౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఒక ఆసుపత్రి రికార్డుల ఆధారంగా 2006లో ఒక అధ్యయనం వచ్చింది. రద్దీ బాగా ఉన్న వేళల్లో వచ్చినవారిలో పది రోజుల లోపు మరణాలు, రద్దీ లేని వేళల్లో వచ్చినవారి కంటే దాదాపు మూడో వంతు ఎక్కువగా కనిపించాయి.

ఇతర దేశాల అనుభవం

న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఒక సులువైన మార్గం చూపింది. అడ్మిషను అయిన వారందరినీ క్యాజువాలిటీలోనే ఆపకుండా, నిలకడగా ఉన్నవారిని వార్డుకు ఒకరిద్దరు చొప్పున పంచి, బెడ్డు దొరికేవరకు ఆ వార్డు వరండాలో ఉంచారు. భారం ఒక్కచోటే పడకుండా అందరూ పంచుకున్నారు. రోగులను అడిగితే, క్యాజువాలిటీ కంటే వార్డు వరండాయే నయమని ఎక్కువమంది చెప్పారు.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. వచ్చిన ప్రతి రోగి విషయం 4 గంటల్లో తేల్చాలని ఆసుపత్రులకు గడువు పెట్టింది. 2004లో నూటికి 98 మందికి అని పెట్టుకున్న లక్ష్యాన్ని 2010లో 95కు తగ్గించింది. 2015 జూలై తరువాత దేశం మొత్తం మీద అదీ అందలేదు. వార్డులు నిండి ఉంటే గడియారం ఒక్కటే ఏమీ చేయలేదని దీనివల్ల తెలుస్తున్నది.

మన దగ్గర చేయదగినవి

మొదటిది, రాగానే వేరుచేయడం. అనుభవం ఉన్న సిస్టరు నాడి, బి.పి., శ్వాస, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని నిర్ణయిస్తారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఈ మూడు రంగుల పద్ధతే ఉంది. మీ వెనక వచ్చినవారిని ముందు లోపలికి తీసుకువెళ్తే అది సిఫారసు అనుకోకండి. వారికి ఎరుపు రంగు పడిందని అర్థం.

రెండవది, ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లను ఒకటి రెండు రోజుల్లోనే కుప్పవేయకుండా వారమంతా సర్దడం. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, డిశ్చార్జి ఉదయమే జరిగేలా చూడడం. ముందురోజు సాయంత్రమే మందులు, బిల్లు, ఆరోగ్య పథకం కాగితాలు సిద్ధం చేయడం ఆసుపత్రి బాధ్యత.

ఇక్కడ మీ సహాయం కూడా కావాలి. "మంగళవారం వద్దండీ, బుధవారం తీసుకెళ్తాం", "అబ్బాయి హైదరాబాదు నుంచి సాయంత్రానికి వస్తాడు" అనే మాటలు మేము వింటూనే ఉంటాము. మీ నమ్మకాన్ని, మీ ఇబ్బందిని మేము తప్పుపట్టము. కానీ నయమైన మనిషి సాయంత్రం దాకా వార్డులో ఉంటే, ఆ బెడ్డు కోసం ఒక ముసలాయన క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీదే ఉండవలసి రావచ్చు. మంగళవారం వద్దనుకుంటే ఆ మాట ఆదివారమే చెప్పండి. వీలైతే సోమవారమే పంపే ఏర్పాటు చేయవచ్చు.

రద్దీకి భయపడి ఆగవద్దు

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక చేయి లేక కాలు పడిపోవడం, మాట తడబడడం, ఫిట్స్, పాముకాటు, పురుగుమందు తాగడం, గర్భిణికి రక్తస్రావం, పసిబిడ్డ పాలు తాగకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఇంటి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. ఛాతీనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లో ఇ.సి.జి. తీయాలి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజక్షను 4.5 గంటల లోపే ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉచితమే.

వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట తెండి. రోగి దగ్గర ఒక్కరే ఉండండి, మిగతావారు బయట కూర్చోండి. వార్డులో ఉన్న మీవారికి "రేపు డిశ్చార్జి" అని డాక్టరు గారు చెప్పిన వెంటనే ఇంటికి ఫోను చేసి, ఉదయానికే బండి మాట్లాడుకోండి.