మంచం పట్టకముందే మందు అందాలి

నెల మొదట్లో పింఛను అందుకున్న వృద్ధులలో చాలామంది ఆ డబ్బుతో ముందుగా వెళ్లేది మందుల షాపుకే. బీపీకి ఒక మాత్ర, షుగరుకు రెండు, గుండెకు ఒకటి, మోకాళ్ల నొప్పికి మరొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. తెలంగాణలో 2019లో దానిని 2,016 రూపాయలు చేశారు. ఇంట్లో దాదా, దాదీ ఇద్దరూ ఉన్నా సాధారణంగా పింఛను ఒక్కరికే వస్తుంది. మందులు మాత్రం ఇద్దరికీ కావాలి గదా!

డబ్బు చాలనప్పుడు మన పెద్దలు ఏం చేస్తారో మేము మొహల్లాలో చూస్తూనే ఉన్నాం. రోజుకు రెండు వేసుకోవలసిన బిళ్ల ఒకటే వేసుకుంటారు. నెలాఖరు పది రోజులు అదీ మానేస్తారు. కొడుకుతో చెప్పరు, కోడలితో అసలే చెప్పరు. ఎవరైనా అడిగితే "అచ్ఛా హూఁ బేటా" అని నవ్వేస్తారు. బీపీ పెరిగితే చాలాసార్లు నొప్పి ఉండదు కనుక, మాత్ర మానేసిన సంగతి ఒంటికి కూడా వెంటనే తెలియదు. తెలిసేసరికి పక్షవాతమో, మూత్రపిండాల జబ్బో ముదిరి ఉంటుంది. అప్పుడు ఆసుపత్రికి అయ్యే ఖర్చుతో పోలిస్తే మానేసిన మాత్రల ధర ఏపాటిది?

మరి ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం 70 ఏళ్లు నిండిన వారందరికీ, పేద ధనిక తేడా లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. ఇవి చిన్న సాయాలు కావు. అయితే ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో మంచం ఎక్కినవారి కోసం ఉద్దేశించినవి. ఆయుష్మాన్ పథకంలో డిశ్చార్జి అయ్యాక 15 రోజుల వరకు మందుల ఖర్చు కలిసి ఉంటుంది. పదహారో రోజు నుంచి మళ్లీ మన జేబే.

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన మనవాళ్లు అక్కడి ఏర్పాటు గురించి చెబుతుంటారు. అక్కడి మెడికేర్‌లో 2006 నుంచి మందుల బీమా ఉంది. ఆదాయం తక్కువగా ఉన్నవారికి 'ఎక్స్‌ట్రా హెల్ప్' పేరుతో ఆ బీమా ప్రీమియంలోనూ, షాపులో కట్టవలసిన సొమ్ములోనూ తగ్గింపు లభిస్తుంది. అక్కడ మందుల ధరలు విపరీతం కనుక ఆ సాయం వారికి తప్పనిసరి. అయినా మనం గమనించవలసిన విషయం ఒకటుంది. రోజూ వేసుకునే మాత్రను కూడా వైద్యంగానే వారు లెక్కించారు.

మన దేశంలో ఆ పనిని బీమాకు బదులు ప్రభుత్వ ఆసుపత్రులే చేయాలి. తమిళనాడు 1994లో ఒక సంస్థను ఏర్పాటు చేసి, మందులు టోకున కొని ఆసుపత్రులకు పంపడం మొదలుపెట్టింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగరు బిళ్లలు ఉచితంగా ఇస్తారు. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఇల్లు దగ్గర, చీటీ తేలిక. ఉన్నచోట వాటిని వాడుకోవాలి. అయితే అన్నిచోట్లా అన్ని మందులూ దొరకవు. ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని మేము ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే, గంటన్నర వరుసలో నిలబడ్డాక ఐదింటిలో రెండు మందులే చేతికొచ్చాయి. మిగతావి బయట కొనుక్కోమన్నారు.

ఆ బయట కొనవలసినవాటికే జన ఔషధి కేంద్రాలు పనికొస్తాయి. 2008లో అమృత్‌సర్‌లో మొదటి దుకాణం తెరిచారు. చాలా ఏళ్లు నత్తనడక నడిచిన ఈ పథకం 2015 తర్వాత వేగం పుంజుకుంది. 2025 నాటికి దేశంలో ఈ కేంద్రాలు 15,000 దాటాయి. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. వాటిలో మొదటి మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా ఇక్కడ ధర నిర్ణయిస్తారు. అందుచేత మామూలు షాపుకంటే 50 నుంచి 80 శాతం వరకు తక్కువకు దొరుకుతాయి. "సస్తా మాల్" పనిచేయదని మనలో ఒక అపోహ ఉంది. ప్రతి బ్యాచినీ గుర్తింపు పొందిన ల్యాబులలో పరీక్షించాకే కేంద్రాలకు పంపాలన్నది నియమం. మెట్‌ఫార్మిన్ అనే మందు ఏ రంగు డబ్బాలో వచ్చినా మెట్‌ఫార్మినే.

ఇక్కడొక చిక్కు ఉంది. డాక్టరు ఒక బ్రాండు పేరు రాస్తే, దాని బదులు వేరొకటి ఇచ్చే అధికారం చట్టప్రకారం దుకాణదారుకు లేదు. మందు అసలు పేరు డాక్టరే రాయాలి. అలా జెనరిక్ పేర్లతో, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని వైద్య మండలి 2016లోనే నిబంధన పెట్టింది. రాసేవారు తక్కువ, అడిగేవారు అంతకంటే తక్కువ. డాక్టరును అడగడం బేఅదబీ అని మన పెద్దలు మొహమాటపడతారు. "డాక్టరుగారూ, మందు పేరు జన ఔషధిలో దొరికేట్టు రాయండి" అంటే ఎవరికీ అగౌరవం కాదు. వెంట వెళ్లిన కొడుకో మనవడో ఆ మాట అడగాలి.

మరొక జాగ్రత్త. పాత బ్రాండు డబ్బా, కొత్త జెనరిక్ డబ్బా రెండూ ఇంట్లో ఉంటే, వేర్వేరు మందులనుకొని రెండూ మింగేసే ప్రమాదం ఉంది. అట్టమీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది, నానీమాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. అందుకే మేము మా విద్యార్థులచేత మందుల కవర్ల మీద ఉర్దూలో "సుబహ్", "షామ్" అని రాయించి ఇళ్లకు పంపుతున్నాం. రంజాన్‌కు ముందు మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా మార్చాలో డాక్టరునే అడగాలి. షుగరు ఉన్నవారు సొంతంగా మార్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక కార్డు సంగతి. 70 ఏళ్లు నిండాయో లేదో ఆధార్ చూసి నిర్ణయిస్తారు. మన పాత తరంలో పుట్టినతేదీ రాసుకున్నవారెవరు? పోలీసు చర్య జరిగినప్పుడు పాలు తాగే పసిబిడ్డనని చెప్పే ఒక ఖాలాను మేమెరుగుదుం. అంటే 1948 నాటికే పుట్టిన మనిషి. ఆధార్‌లో ఆమె పుట్టినతేదీ 1958 జనవరి 1! ఎవరో అంచనా వేసి రాసినది. ఆ అంకె వల్ల ఆమెకు ఆ కార్డు 2028 దాకా రాదు. పేర్లతోనూ ఇదే బాధ. ఒకచోట బీ, ఒకచోట బేగం, ఇంకోచోట షేక్ ముందుకో వెనక్కో. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందేసుకొని తేడాలు చూసుకోవలసింది జబ్బు రాకముందే. అంబులెన్సు గుమ్మంలో నిలబడ్డాక ఈ పని జరగదు.

మొహల్లా కమిటీలు జకాత్ సొమ్ముతో పేదలకు మందులు కొనిస్తున్న ఊళ్లు మనకున్నాయి. మంచి పని. అదే సొమ్మును జన ఔషధిలో ఖర్చు పెడితే ఒకరి బదులు ఇద్దరికి అందుతాయి. ఇక ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేరోజు రావలసిన మందులు చేతికివ్వకపోతే ఊరుకోవద్దు. ముందుగా అక్కడి ఆరోగ్యమిత్రను అడగాలి. పని కాకపోతే ఆరోగ్యశ్రీకి 104, ఆయుష్మాన్ కార్డుకు 14555 నంబరుకు ఫోను చేయాలి. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ దగ్గర పెట్టుకొని మాట్లాడితే పని తొందరగా తెములుతుంది.