వైరు లేని చేతి వాక్యూమ్ క్లీనర్ కొనేముందు

ఇల్లు ఊడ్చడానికి చీపురుని మించినది లేదని నమ్మేవారిలో నేనూ ఒకర్ని. పది నిమిషాల్లో మూడు గదులు ఊడ్చేసే చీపురుతో ఏ యంత్రమూ పోటీ పడలేదు. కాని చీపురు దూరని చోట్లు కొన్ని ఉన్నాయి చూడండి. సోఫా మెత్తల సందుల్లో పిల్లలు రాల్చిన కారప్పూస నలుసులు, జరిపే కిటికీల గాడిలో మట్టి, కుట్టుమిషను అడుగున నూలుపోగులు, పుస్తకాల అలమరలో దుమ్ము, కారుంటే దాని సీట్ల కింద ఇసుక. వీటిని గుడ్డతో దులిపితే సగం గాలిలోకి లేచి, కాసేపటికి మళ్ళీ అక్కడే వాలుతుంది. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉంటే ఆ కాసేపే చాలు, రాత్రంతా దగ్గుతూనే ఉంటారు. ఇలాంటి పనికోసమే చేత్తో పట్టుకునే, వైరు లేని వాక్యూమ్ క్లీనర్లు వచ్చాయి.

ఇవి మరీ కొత్తవేమీ కావు. అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1979లోనే డస్ట్‌బస్టర్ అనే పేరుతో ఇలాంటిదాన్ని అమ్మకానికి పెట్టింది. అప్పట్లో నికెల్-కాడ్మియం బ్యాటరీలు వాడేవారు. 1991లో లిథియం అయాన్ బ్యాటరీలు బజారులోకి వచ్చాయి. పోను పోను ఈ యంత్రాల్లోకీ అవే చేరి, బరువు తగ్గింది, బలం పెరిగింది. ఇప్పుడు వెయ్యి రూపాయల్లోనూ దొరుకుతుంది, పది వేలు దాటినదీ ఉంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. అదే చిక్కు.

అట్టపెట్టె మీద పెద్ద పెద్ద అంకెలుంటాయి. ఉదాహరణకి 120 వాట్లు, 9000 పాస్కల్, 30 నిమిషాలు అని వేశారనుకోండి. వాట్లంటే యంత్రం తినే కరెంటు. పీల్చే బలం కాదు. పాస్కల్ అన్నది పీల్పుకి కొలతే గాని, దాన్ని సాధారణంగా మూతి మూసిపెట్టి కొలుస్తారు. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీలుస్తూ, గొట్టం కొసని వేలితో మూసి చూడండి. నోటికి పట్టు గట్టిగానే తెలుస్తుంది, నీళ్ళు మాత్రం రావు. దుమ్ముని ఈడ్చుకొచ్చేది కదిలే గాలి. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి మురిసిపోకండి.

ఇక ఆ 30 నిమిషాల సంగతి. దీనికి చిన్న లెక్క ఉంది, పాలవాడి లెక్కకన్నా కష్టమైనదేం కాదు. పెట్టె పక్కన సన్నటి అక్షరాలతో బ్యాటరీ వివరం ఉంటుంది. 7.4 వోల్టులు, 2000 ఎమ్.ఏ.హెచ్. అని ఉందనుకోండి. 2000ని వెయ్యితో భాగిస్తే 2. 7.4ని 2తో హెచ్చవేస్తే 14.8. అంటే డబ్బాలో ఉన్న బియ్యం అంత. ఆ 14.8ని 120 వాట్లతో భాగించి, 60తో హెచ్చవేయండి. ఏడు నిమిషాల పైచిలుకు వస్తుంది. మరి 30 నిమిషాలెలా నడుస్తుంది? అంతసేపు నడవాలంటే 30 వాట్ల లోపే తినాలి. అంటే వాట్ల అంకె అయినా ఎక్కువ చేసి వేసి ఉండాలి, లేదా ఆ అరగంట నెమ్మది వేగం మీద చెప్పినదై ఉండాలి. దుకాణంలో ఈ లెక్క వేసి అడగండి, నామోషీ ఏం లేదు. నిజానికి సోఫాకీ కిటికీలకీ ఏడు నిమిషాలు తక్కువేం కాదు. ఏడు నిమిషాలని తెలిసి కొనడం వేరు, అరగంటనుకుని డబ్బు పోయడం వేరు.

ఇంకో మాట. బ్యాటరీ లేకుండా పొడుగు వైరుతో కారు సాకెట్టులో గుచ్చేవి కూడా ఇవే ఆకారంలో ఉంటాయి. అవి ఇంట్లో గోడ ప్లగ్గుకి పనికిరావు.

వీలైతే దుకాణానికి వెళ్ళి, చేత్తో పట్టుకుని చూసే కొనండి. చెయ్యి చాచి రెండు నిమిషాలు నడిపించమనండి. కిలో బరువే కదా అనిపిస్తుంది గాని మణికట్టు మీద పడితే తెలుస్తుంది. కీళ్ళనొప్పులున్న అత్తగారు వాడేదైతే ఆవిడనే వెంట తీసుకువెళ్ళండి. చిన్న పొట్లంలో గుప్పెడు బియ్యం, రెండు దారప్పోగులు పట్టుకెళితే ఇంకా మంచిది. బియ్యం ఏదైనా పీలుస్తుంది. దుప్పటికి అంటుకున్న దారప్పోగు పీల్చిందా లేదా అన్నది చూడాలి. సందుల్లోకి వెళ్ళే సన్నమూతి, కుచ్చుమూతి ఉన్నాయో లేదో అడగండి.

ఉబ్బసం ఉన్న ఇంట్లో ఫిల్టరు ముఖ్యం. అసలైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల నలుసుల్ని 99.97 శాతం ఆపాలి. హెపా అని రాయడం వేరు, హెపా తరహా అని రాయడం వేరు. ఎంత మంచి ఫిల్టరైనా డబ్బా దులిపేటప్పుడు దుమ్ము లేస్తుంది కాబట్టి, ఆ పని పెరట్లోనో వీధి బయటో, ఉబ్బసం లేనివారే చెయ్యాలి. కడగదగిన ఫిల్టరైతే కడిగి, ఒక రోజంతా నీడన ఆరనిచ్చాకే బిగించండి. తడిది బిగిస్తే వాసన పట్టడమే కాక మోటారుకీ చేటు.

దీనితో పీల్చకూడనివీ ఉన్నాయి. అగరొత్తుల నుసి, సాంబ్రాణి ధూపం బూడిద పూర్తిగా చల్లారకముందు దగ్గరికి రానివ్వద్దు. లోపల నిప్పు అంటుకోగలదు. ముగ్గుపిండి, గోడకి బెజ్జం వేస్తే రాలే పొడి ఫిల్టరుని ఇట్టే కప్పేస్తాయి. ఒలికిన పాలు, నీళ్ళు పీల్చాలంటే తడికీ పనికొస్తుందని రాసి ఉన్నదే కొనాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా అడగవలసింది, బ్యాటరీ మార్చుకోవచ్చా అని. లిథియం బ్యాటరీ కొన్ని వందల సార్లు ఛార్జి అయ్యాక నీరసించక తప్పదు. మా వీధిలో ఒకావిడ నెలనెలా మిగిల్చిన డబ్బుతో కొనుక్కున్న యంత్రం రెండేళ్ళకి నిమిషం కూడా నడవకుండా అయింది. మోటారు భేషుగ్గా ఉంది. బ్యాటరీ లోపలే అతికించేశారమ్మా, కొత్తది కొనుక్కోండి అన్నారట దుకాణంవాళ్ళు. విడదీసి మార్చుకునే బ్యాటరీ ఉన్నదైతే ఆవిడకి ఆ నష్టం ఉండేది కాదు. గ్యారంటీ కాగితంలో మోటారుకి ఎంతకాలం, బ్యాటరీకి ఎంతకాలం అన్నది విడివిడిగా చదవండి. రెండూ ఒకటి కాకపోవచ్చు.

కొన్నాక, పొయ్యి దగ్గరా, ఎండ పడే కిటికీలోనూ, ఎండలో ఆపిన కారులోనూ ఉంచకండి. వేడి బ్యాటరీ ఆయుష్షు తగ్గిస్తుంది. నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు సగం ఛార్జితో పెట్టండి. పాడైన బ్యాటరీని చెత్తబండిలో వెయ్యకండి, నలిగితే మంట లేస్తుంది. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదార్ల మీద ఉంది. పాతది ఎక్కడ ఇవ్వాలో బిల్లు రాయించుకునేటప్పుడే అడిగి, ఆ బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.