కాడి దింపని అమ్మ

మా నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడి రెండేళ్లయింది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడల్లా "నాయనమ్మా, ఎట్లా వుంది?" అని అడిగేవాణ్ణి. అమ్మను మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

కదలలేని మనిషి ఒకే పక్కన పడుకొని వుంటే ఎముకకూ పరుపుకూ నడుమ చర్మం నలుగుతుంది. సన్నటి రక్తనాళాలు అణిగిపోయి, ఆక్సిజన్ అందక కణాలు చస్తాయి. ఆ పుండు పడకుండా రెండేసి గంటలకు పక్క మార్చాలంటారు. లెక్క వేయండి: రోజుకు 12 సార్లు. వాటిలో మూడు నాలుగు నిద్రవేళల్లోనే! రోగి వీపు పుండు కాకుండా వుండాలంటే చూసేవారి నిద్ర ముక్కలు కావాలి. తెగిన నిద్ర వల్ల చిరాకు, మతిమరుపు, దిగులు వస్తాయి. "అమ్మకు ఈమధ్య కోపం ఎక్కువైంది" అనుకున్నానే గాని, కారణం ఆలోచించలేదు.

2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే స్త్రీలు అందుకు రోజుకు సగటున 134 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 76. జీతం లేదు, సెలవు లేదు.

ఎద్దుకైనా పొద్దుగూకితే కాడి దింపుతాం. కాలవ నీళ్లకు వంతులున్నట్లే సేవకూ వంతులుండాలి. మొన్న సంక్రాంతి సెలవుల్లో రాత్రి వంతు నేను తీసుకున్నాను. నడుము కాకుండా మోకాళ్లు వంచి, దుప్పటి పట్టి తిప్పడం అమ్మే నేర్పింది. మొదటి రాత్రి నమ్మకం లేక లేచొచ్చి చూసింది. మూడో రాత్రి తెల్లారేదాకా లేవలేదు.

మిత్రులారా! ఈసారి ఇంటికెళితే రోగినే కాదు, రోగిని చూసేవారినీ అడగండి. అడిగి వూరుకోక, ఒక వంతు తీసుకోండి.