స్నో రిపోర్టు చెప్పే 12 అంగుళాలు

కాలిఫోర్నియాలో చలికాలం వచ్చిందంటే బే ఏరియా తెలుగు ఇళ్లలో టాహో మంచుకొండల ప్రయాణాల మాటలు మొదలవుతాయి. లాంగ్ వీకెండ్ దగ్గరపడేకొద్దీ అందరి కళ్లూ స్కీ రిసార్టుల స్నో రిపోర్టు మీదే. ‘గత 24 గంటల్లో 12 అంగుళాల కొత్త మంచు’ అని కనబడగానే గదులు బుక్ చేసి, లిఫ్టు టికెట్లు కొని, టైర్ల చైన్లు డిక్కీలో వేసుకుని ఐ-80 ఎక్కేస్తారు. తీరా అక్కడ కాళ్ల కింద గట్టిపడిన మంచు గరగరమంటే రిపోర్టు రాసినవాళ్లను తిట్టుకుంటారు. ఆ కోపం కొన్నిసార్లు న్యాయమే. చాలాసార్లు మాత్రం అంకె సరైనదే. అది కొండ మీద ఎక్కడ కొలిచింది, ఏ గంటకు కొలిచింది అన్నదే మనం చూసుకోం.

అపోహ: ఆ అంకెలు ప్రభుత్వ వాతావరణ శాఖ ఇస్తుంది.

ఇవ్వదు. తన కొండ మీద పడిన మంచును రిసార్టే కొలుచుకుంటుంది, రిసార్టే ప్రకటిస్తుంది. అంటే టికెట్లు అమ్ముకునేవారి చేతిలోనే స్కేలు కూడా ఉందన్నమాట. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ అమెరికా, కెనడా రిసార్టుల రిపోర్టులను ప్రభుత్వ వాతావరణ లెక్కలతో పోల్చి చూశారు. 2009లో వారు బయటపెట్టిన పత్రం ప్రకారం, రిసార్టులు వారాంతాల్లో 23 శాతం ఎక్కువ కొత్త మంచు పడినట్టు చెప్పుకున్నాయి. ప్రభుత్వ లెక్కల్లో అలాంటి వారాంతపు పెరుగుదల లేదు. ఐదు రోజులు ఉద్యోగం చేసి శని, ఆదివారాల్లో మాత్రమే కొండకు వెళ్లగలిగే మనలాంటి వాళ్లకే ఈ నష్టం తగిలేది. అందుకే ఆ పరిశోధన అంత ముఖ్యమైనదని నా అభిప్రాయం.

అపోహ: పక్కనే మరో రిసార్టు ఉంటే పోటీ వల్ల నిజమే చెబుతారు.

పోటీ ఈ అతిశయోక్తిని తగ్గించిందనడానికి ఆ ఆర్థికవేత్తలకు పెద్దగా ఆధారం దొరకలేదు. తగ్గించింది ఐఫోన్. స్కీ చేస్తున్నవాళ్లు తాము చూస్తున్న మంచు ఎలా ఉందో అక్కడి నుంచే రాసి అందరికీ చూపగల సదుపాయం ఒక యాప్‌లో వచ్చాక ఆ పెంచి చెప్పడం బాగా తగ్గింది. ఫోనుకు సిగ్నల్ అందే రిసార్టుల్లో మరీ తగ్గింది.

అపోహ: అయితే స్నో రిపోర్టులన్నీ బూటకమే.

ఇదీ తొందరపాటే. కొలిచే పద్ధతి తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. గాలి ఎక్కువ తగలని చోట తెల్లరంగు వేసిన చెక్కపలకను పరుస్తారు. దానిమీద పేరుకున్న మంచులో స్కేలు నిలువుగా గుచ్చి లోతు చూస్తారు. తర్వాత పలకను తుడిచి మళ్లీ మంచు పైమట్టానికి పెడతారు. కొత్త మంచు తన బరువుకు తానే దూదిపరుపులా అణిగిపోతుంది. కాబట్టి ఆరేసి గంటలకోసారి కొలిచి, తుడిచి, నాలుగు కొలతలూ కూడితే వచ్చే అంకె, రోజుకు ఒక్కసారి కొలిస్తే వచ్చేదానికంటే ఎక్కువ ఉంటుంది. తుఫాను ఒకటే, మంచూ ఒకటే. గంటగంటకూ తుడిచి కొలిస్తే అంకె ఇంకా ఉబ్బుతుంది. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఆరు గంటల కంటే తరచుగా కొలిచి కూడవద్దని చెప్పేది ఇందుకే.

ఇక ఎత్తు. పాలిసేడ్స్ టాహో రిసార్టు కింది భాగం 6,200 అడుగుల ఎత్తున ఉంటే పై అంచులు 9,000 అడుగుల దాకా వెళతాయి. పైన పొడిమంచు పడే వేళకు కింద వాన పడవచ్చు. పై కొలత చూసి బయల్దేరి కింది వాలు మీద పిల్లలకు స్కీ నేర్పించబోతే నిరాశ తప్పదు. రిపోర్టులో బేస్ (కొండ కింది భాగం) దగ్గర కొలత వేరుగా ఇచ్చి ఉంటే ముందు అది చూడాలి.

అపోహ: ఎన్ని అంగుళాలు పడితే అంత మంచి మంచు.

కొత్త మంచును కరిగిస్తే పది అంగుళాలకు ఒక అంగుళం నీరు వస్తుందని స్థూలంగా లెక్క వేస్తారు. యూటాలో పడే పొడిమంచులో నీరు దానికంటే తక్కువ. పసిఫిక్ తేమతో వచ్చే, టాహో ఉన్న సియెరా కొండల మంచు తరచుగా బరువుగా, తడిగా ఉంటుంది. స్కీ చేసేవాళ్లు దాన్ని ‘సియెరా సిమెంట్’ అంటారు. ఆరు అంగుళాల తేలికపాటి మంచు, పన్నెండు అంగుళాల సిమెంటుకన్నా ఎంతో హాయి.

మంచును లోతుతో కాక బరువుతో చూడటం ఈ టాహో పక్కనే రూపుదిద్దుకుంది. రీనోలో ప్రాచీన భాషలు బోధించిన ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మౌంట్ రోజ్ మీద బోలు గొట్టాన్ని మంచులోకి దించి, లోపల నిండిన మంచును తూచి, ఎంత నీరుందో లెక్కగట్టాడు. ఇప్పుడు అమెరికా వ్యవసాయ శాఖవారి స్నోటెల్ కేంద్రాలు మంచు బరువును యంత్రాలతో తూచి ఆ వివరాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతున్నాయి. టికెట్ల అమ్మకంతో సంబంధం లేని అంకె కావాలంటే రిసార్టుకు దగ్గరి స్నోటెల్ కేంద్రం చూడండి.

అపోహ: సీజన్ మొత్తం 700 అంగుళాలంటే అంత లోతు మంచు ఉన్నట్టే.

డానర్ పాస్ దగ్గరి సెంట్రల్ సియెరా స్నో ల్యాబ్ 2022-23 సీజన్‌లో 754 అంగుళాలు నమోదు చేసింది. అది పడినదంతా కలిపిన లెక్క. నేలమీద నిలిచిన లోతు కావాలంటే చూడాల్సింది ‘బేస్ డెప్త్’.

అపోహ: రిపోర్టు బాగుంటే కొండ క్షేమమే.

స్నో రిపోర్టు సరదాకు సంబంధించిన కబురు, ప్రమాదం గురించి అది చెప్పదు. 2024 జనవరి 10న పాలిసేడ్స్ టాహోలో కేటీ-22 లిఫ్టు ఆ సీజన్‌కు మొదటిసారి తెరిచిన ఉదయమే, రిసార్టు హద్దుల లోపలే మంచు చరియ విరిగిపడి ఒకరు చనిపోయారు. రిసార్టు లోపల మూసిన వాలులు, తాళ్లు, హెచ్చరికలు స్కీ పెట్రోల్ అనే రక్షణ బృందం చూసుకుంటుంది. హద్దు దాటి వెళ్లేవారు చదవాల్సింది సియెరా అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే బులెటిన్. అందులో ప్రమాదస్థాయి 1 నుంచి 5 వరకు ఉంటుంది. ఒక్కసారిగా భారీగా కొత్త మంచు పడి, స్నో రిపోర్టు మనల్ని ఊరించే రోజుల్లోనే ఆ స్థాయి తరచుగా పైకి లేస్తుంది.