తీతువు గూడు, కోత తేదీ: ఉత్తర ఇంగ్లండు మూర్‌భూములలో తొలి వసంతపు పక్షి పరిశీలన

పక్షుల పరిశీలన విశ్రాంతివేళ వ్యాపకమనే అభిప్రాయం వ్యవసాయ కళాశాలలలో ఇంకా బలంగానే ఉన్నది. దీనితో ఈ వ్యాసకర్త ఏకీభవించడం లేదు. నేలపై గూడు పెట్టే పక్షి ఒక ప్రాంతంలో ఉన్నదా, ఉంటే పిల్లలను ఎగరనిస్తున్నదా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడి దుక్కి, కోత, మేత, మురుగు కాలువల నిర్వహణలో ఉంటుంది. ఈ సంబంధం అతి స్పష్టంగా కనిపించే చోటు ఉత్తర ఇంగ్లండులోని పీక్ డిస్ట్రిక్ట్. ఫిబ్రవరి చివరి వారం నుండి ఏప్రిల్ మధ్య వరకు అక్కడి స్థానికులు చిన్న చిన్న బృందాలుగా జలాశయాల గట్లపై, వాటి పైనున్న మూర్‌భూములపై కాలినడకన పక్షులను చూస్తూ, వింటూ, లెక్కిస్తూ తిరుగుతారు. ఆ నడకలలో ఏమి కనిపిస్తుంది, దానికి సేద్యంతో గల సంబంధమేమిటి అన్నది ఇక్కడ వివరించబడినది.

మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల నడుమనున్న పీక్ డిస్ట్రిక్ట్ 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ వనంగా ప్రకటించబడినది. జాతీయ వనమంటే మన అభయారణ్యం వంటిదని భావించరాదు. ఇందులో గ్రామాలున్నాయి, గొర్రెల మందలున్నాయి, రైతులున్నారు. దీని ఉత్తర భాగం ఇసుకరాతి పీఠభూమి. అక్కడ ఎత్తైన కిండర్ స్కౌట్ 636 మీటర్లు మాత్రమే. అంటే మన హార్స్‌లీ కొండలలో సగం ఎత్తు. అయినా 53 డిగ్రీల అక్షాంశం, విడువని తడి గాలి కలిసి అక్కడ చెట్టు ఎదగని నేలను సృష్టించాయి. నీరు నిలిచి, ప్రాణవాయువు అందక, స్ఫాగ్నం నాచు మరియు తుంగ కుటుంబానికి చెందిన కాటన్ గ్రాస్ పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకొని పీట్ నేలగా మారాయి. పేరుకొనే వేగం సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరు. కనుక రెండు మీటర్ల పీట్ పొర సుమారు రెండువేల ఏళ్ల నిక్షేపం. ఈ తీవ్ర ఆమ్ల నేలపై హెదర్ అనే పొద, బిల్‌బెర్రీ, గరుకు గడ్డి తప్ప వేరేమీ నిలదొక్కుకోలేవు. మూర్‌భూమి అంటే ఇదే.

ఈ పీఠభూమి నీటిని పట్టేందుకు డెర్వెంట్ లోయలో మూడు జలాశయాలు ఒకదాని దిగువన ఒకటిగా నిర్మించబడ్డాయి. హౌడెన్ 1912లోను, డెర్వెంట్ 1916లోను పూర్తయ్యాయి. అన్నింటికన్న పెద్దదైన లేడీబోవర్‌ను 1945లో ఆరవ జార్జి రాజు ప్రారంభించారు. డెర్వెంట్, యాష్‌ప్టన్ అనే రెండు గ్రామాలు దాని కింద మునిగిపోయాయి.

మన చెరువులకు అలవాటుపడిన విద్యార్థికి ఈ జలాశయాలు మొదట నిరాశ కలిగిస్తాయి. ఇంత నీరుండి ఇన్ని తక్కువ బాతులేమిటి అనిపిస్తుంది. కారణం నీటి రసాయన స్వభావంలోను, గట్టు వాలులోను ఉన్నది. మన చెరువు లోతు తక్కువ. ఆయకట్టు, పశువులు, ఊరు అందించే పోషకాలతో నాచు, పురుగు, నత్త, చేప పెరుగుతాయి. పీట్ నుండి దిగే నీరు ఆమ్లం, పోషకాలు అత్యల్పం. లోయ గోడలు నిటారుగా ఉండటంతో బాతు మునకకు అందే లోతులేని అంచు అతి సన్నం. అందువల్ల అక్కడ చేపలు పట్టే గూసాండర్ బాతులు కొన్ని, వాగు నోట తోక ఆడిస్తూ తిరిగే బూడిదరంగు జిట్టంగి, ఏప్రిల్‌లో రాతి అంచులకు వచ్చే కామన్ శాండ్‌పైపర్ వంటివే ప్రధానం. జలాశయపు నీటి కన్న దాని చుట్టూ నాటిన శంఖాకార వృక్షాల తోటలే తొలి వసంతంలో ఎక్కువ ఆకర్షిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎండ కాచే ఉదయాన గోస్‌హాక్ డేగలు ఆ తోటల పైన ఎత్తుకు లేచి, రెక్కలు నెమ్మదిగా ఆడిస్తూ తమ హద్దులు చాటుకుంటాయి. పందొమ్మిదవ శతాబ్దాంతానికి బ్రిటన్‌లో అంతరించిన ఈ డేగ, వేట కోసం పెంచేవారి నుండి తప్పించుకున్న, విడిచిపెట్టబడిన పక్షుల ద్వారా ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో మళ్లీ నెలకొన్నది.

రాక క్రమం

సస్యశాస్త్రంలో పగటి నిడివి ప్రభావాన్ని మనం పుష్పోద్గమం సందర్భంగా బోధిస్తాము. పక్షులలోను అదే సూత్రం పనిచేస్తుంది. ఆ అక్షాంశంలో ఫిబ్రవరి ఆరంభాన సుమారు తొమ్మిది గంటలున్న పగలు మార్చి చివరికి పన్నెండున్నర గంటలు దాటుతుంది. ఆ మార్పు వేగమే పక్షులను కదిలిస్తుంది. ఫిబ్రవరి చివర లాప్‌వింగ్‌లు కొండ దిగువ పచ్చిక మడులకు చేరతాయి. వెంటనే తీరపు బురద నేలల నుండి కర్లూలు, ఆ తరువాత పీఠభూమిపైకి గోల్డెన్ ప్లోవర్లు వస్తాయి. మార్చి మధ్యకు సహారా దక్షిణాన శీతకాలం గడిపిన వీటియర్, వాయవ్య ఆఫ్రికా పర్వతాల నుండి రింగ్ ఊజెల్ కనిపిస్తాయి. రెడ్ గ్రౌస్ మాత్రం ఎక్కడికీ పోదు. హెదర్ చిగుళ్లే దాని ప్రధాన ఆహారం.

లాప్‌వింగ్ మనకు పరాయిది కాదు. మన తీతువు పిట్టకు అది అదే ప్రజాతికి చెందిన దాయాది. మనది వెనెల్లస్ ఇండికస్, వారిది వెనెల్లస్ వెనెల్లస్. నేలపై చిన్న గుంట, అందులో సాధారణంగా నాలుగు మచ్చల గుడ్లు, మనిషి దగ్గరకు వస్తే తలపై తిరుగుతూ అరుపు – లక్షణాలన్నీ ఒకటే. తీతువు కూత అశుభమని మన పల్లెలలో అనుకొంటారు. నిజానికి ఆ కూత గూటి దగ్గరకు రావద్దన్న హెచ్చరిక మాత్రమే.

కోత తేదీ లెక్క

ఈ నడకలలో పరిశీలకులు నమోదు చేసే వాటిలో సస్యశాస్త్రజ్ఞులకు అత్యంత విలువైనవి కర్లూ, లాప్‌వింగ్ వివరాలు. కర్లూ ఏప్రిల్ మూడవ, నాల్గవ వారాలలో నాలుగు గుడ్లు పెడుతుంది. పొదుగుటకు నాలుగు వారాలు. పిల్ల ఎగరడానికి మరి ఐదు వారాలు. ఏప్రిల్ 25న పొదగడం ఆరంభమైన గూటిలో మే 23 ప్రాంతంలో పిల్లలు బయటకు వచ్చి, జూన్ చివరి వారంలో గాని ఎగరలేవు. పూర్వం ఆ మడులలో గడ్డిని ఎండబెట్టి దాచేవారు. కోత జూలైలో జరిగేది. కాబట్టి పక్షి క్యాలెండరు, రైతు క్యాలెండరు ఢీకొనలేదు. సైలేజి విధానం వచ్చిన తరువాత ఎక్కువ మాంసకృత్తుల కోసం లేత గడ్డినే కోస్తున్నారు. తొలి కోత మే నెలకు జరిగింది. నత్రజని ఎరువుతో త్వరగా పెరిగే రై గడ్డి దీనికి తోడ్పడింది. మే చివర కోత యంత్రం వచ్చేసరికి గుడ్లు గానీ, ప్రమాదం ఎదురైతే పరుగెత్తక నేలకు అణగి ఉండే పిల్లలు గానీ ఉంటాయి. మేత నాణ్యత దృష్ట్యా రైతు నిర్ణయం సహేతుకమే. నష్టం ఎవరి దురుద్దేశం వల్లా కలిగినది కాదు.

లాప్‌వింగ్ విషయంలో చిక్కు మరొక విధమైనది. అది మార్చి చివరి నుండే గుడ్లు పెడుతుంది. చుట్టూ దూరం కనబడేలా పొట్టి గడ్డి లేదా ఖాళీ దుక్కి కావాలి. వసంతంలో విత్తే ధాన్యపు పంటలున్న కాలంలో ఈ అవసరం తీరేది. పంట శరదృతువు విత్తనానికి మారిన తరువాత ఏప్రిల్ నాటికే పైరు ఎత్తుగా, దట్టంగా ఉండి పక్షికి పనికిరాకుండా పోయింది. పచ్చికలో మిగిలినవాటికి మార్చి, ఏప్రిల్ నెలలలో లాగే గొలుసు దంతె, రోలర్ ప్రమాదం. ఎక్కువ గొర్రెలను కట్టిపెట్టి మేపితే తొక్కిడి. ఇక మురుగు కాలువలు తవ్వి నేల ఆరబెడితే పైపొరలోని వానపాములు, క్రేన్‌ఫ్లై లార్వాలు ముక్కుకు అందనంత లోతుకు పోతాయి, నేల గట్టిపడుతుంది. ఇన్ని కారణాలు కలిసి పనిచేస్తున్నందున ఏ ఒక్కదానినీ విడదీసి దోషిగా నిలబెట్టడం కష్టం.

ప్రపంచంలో సంతానోత్పత్తి చేసే కర్లూ జతలలో సుమారు నాలుగో వంతు బ్రిటన్‌లోనే ఉంటాయి. 1990ల మధ్య నుండి అక్కడ వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. కర్లూ దీర్ఘాయువు గల పక్షి, ఇరవై ఏళ్లు దాటి కూడా బతకగలదు. పెద్ద పక్షులు ఏటా అదే మడికి తిరిగి వస్తూ ఉంటాయి కాబట్టి పిల్లలు ఏమీ మిగలకపోయినా వసంతపు లెక్కలో లోటు చాలా కాలం కనబడదు. లోటు కనబడేనాటికి మిగిలినవన్నీ ముసలి పక్షులే. అందువల్ల మార్చి నడకలో జతల లెక్కతో ఆగక జూన్‌లో మళ్లీ వెళ్లి పిల్లలను కాపాడే పెద్ద పక్షుల అలజడి కూతలను వినాలి.

లెక్కింపు పద్ధతి గురించి ఒక మాట. బ్రిటన్‌లో 1994 నుండి జరుగుతున్న సంతానోత్పత్తి పక్షుల సర్వేలో యాదృచ్ఛికంగా ఎంపికైన చదరపు కిలోమీటరు గడులలో వాలంటీర్లు ఒక్కొక్క కిలోమీటరు పొడవు గల రెండు సమాంతర గీతల వెంట, వసంత ఆరంభంలో ఒకసారి, చివర ఒకసారి నడుస్తారు. తమకు నచ్చిన చోటు గాక చీటీలో పడిన చోటికి పోవడమే ఈ పద్ధతి బలం. తెగుళ్ల సర్వేలో రోడ్డు పక్క పొలాలనే చూసి వచ్చే మన అలవాటును ఇది గుర్తుకు తెస్తుంది.

నడిచేవారి ప్రభావం

పరిశీలకుడు కూడా అలజడికి కారకుడే. ఈ విషయంలో పీక్ డిస్ట్రిక్ట్‌లో జరిగిన పని ఆదర్శప్రాయమైనది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త డెరెక్ యాల్డెన్, ఆయన సహచరులు పెనైన్ వే అనే దూర నడకదారి పక్కన గోల్డెన్ ప్లోవర్లను ఏళ్ల తరబడి అనుసరించారు. దారి బురదగా ఉన్న రోజులలో నడిచేవారిలో 30 శాతానికి పైగా పక్కలకు చీలిపోయేవారు. పిల్లలున్న దశలో ప్లోవర్లు దారికి 200 మీటర్ల వరకు దూరంగా మసలేవి. 1994లో దారిపై రాతిపలకలు పరచిన తరువాత 96 శాతం పైగా నడకరులు దారిలోనే నిలిచారు. జన సమ్మర్దం ఎక్కువైన వారాంతాలలో కూడా పక్షులు తప్పుకున్న దూరం 50 మీటర్లకు తగ్గింది. మనుషుల రాకను నిషేధించలేదు, నడిచే నేలను మాత్రం మార్చారు. బహిరంగ ప్రవేశమున్న ఈ భూములలో మార్చి 1 నుండి జూలై 31 వరకు కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతోనే నడిపించాలన్నది చట్టం.

అదే బృందపు మరొక పరిశీలన వాతావరణ శాస్త్రానికి సంబంధించినది. గోల్డెన్ ప్లోవర్ పిల్లలకు మే నెలలో పీట్ నుండి వెలువడే క్రేన్‌ఫ్లైలే ముఖ్యాహారం. ఆగస్టు వేడెక్కితే పీట్ పైపొర ఎండి వాటి లార్వాలు చనిపోతాయి, మరుసటి వసంతంలో పిల్లలకు తిండి తగ్గుతుంది, ఆపై ఏడాది వచ్చే జతలూ తగ్గుతాయి. వేడికి, ఫలితానికి మధ్య రెండేళ్ల వ్యవధి. ఈ కారణంగా పాత మురుగు కాలువలను పూడ్చి పీట్‌ను తిరిగి తడపడం పక్షులకు కూడా మేలు చేసే పనిగా పరిగణించబడుతున్నది.

మార్చి నడకలో దూరాన పొగ కనిపించడం మామూలు. ముదిరిన హెదర్‌ను ముక్కలు ముక్కలుగా కాల్చి గ్రౌస్‌కు లేత చిగుళ్లు సమకూర్చుతారు. ఆగస్టు 12న ఆరంభమయ్యే వేటకు ఇది సన్నాహం. ఇంగ్లండు కొండ ప్రాంతాలలో ఈ కాల్చుడుకు అనుమతి గల కాలం అక్టోబరు 1 నుండి ఏప్రిల్ 15 వరకు. లోతైన పీట్‌పై దీనిని 2021 నుండి మరింత కట్టుదిట్టం చేశారు. వేట యాజమాన్యంలో నక్క, కాకుల నియంత్రణ వల్ల కర్లూ, లాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ల సంతాన సాఫల్యం సగటున మూడు రెట్లు పెరిగినట్లు నార్తంబర్లాండ్‌లోని ఆటర్‌బర్న్ వద్ద 2000 నుండి 2008 వరకు జరిగిన ప్రయోగం తేల్చింది. మరొక వైపు కాలిన పీట్ స్ఫాగ్నం కోల్పోయి, కోతకు గురై, దిగువ జలాశయానికి బురదను, గోధుమ రంగును పంపుతుంది. హెన్ హారియర్ వంటి వేటపక్షుల అక్రమ వధ కూడా ఈ భూములను వదలని సమస్య. నా అభిప్రాయంలో వేటాడే జంతువుల నియంత్రణ ఫలితాన్ని కాల్చుడు ఫలితంగా చెప్పుకోవడం సరి కాదు. రెండూ ఒకే యజమాని చేతిలో జరగడం వల్ల చర్చలో కలిసిపోతున్నాయి.

మన నేలపై

యూరేసియా కర్లూ మన కాకినాడ తీరానికి, కోరింగ మడ అడవుల బురదకు శీతకాలంలో వస్తుంది. అవి మధ్య ఆసియా, సైబీరియా వైపు నుండి వచ్చేవి, బ్రిటన్ పక్షులు కావు. జాతి మాత్రం ఒక్కటే. మన వద్ద మాఘ, ఫాల్గుణాలు ఈ అతిథులు వెళ్లే కాలం, తీతువు గూడు మొదలయ్యే కాలం. తీతువు మార్చి నుండి ఆగస్టు వరకు బీడులో, ఎండిన చెరువు గర్భంలో, కోసిన కంది, శనగ మళ్లలో గుడ్లు పెడుతుంది. ఇదే వ్యవధిలో మనం వేసవి లోతు దుక్కులు సిఫారసు చేస్తాము, చెరువు పూడిక మట్టి తోలకం సాగుతుంది. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో ఈ తోలకం పెద్ద ఎత్తున జరిగింది. రెండు సిఫారసులూ సరైనవే, విడువవలసినవి కావు. అయితే రోళ్లపాడు పరిసరాలలో మెట్ట సేద్యం, గడ్డి నేలలు మారిన తరువాత బట్టమేక పిట్ట ఏమైనదో చూసినవారు ఈ తేదీల ఢీని తేలికగా తీసుకోలేరు.

కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు, గ్రామీణ అనుభవ కార్యక్రమంలోని విద్యార్థులు ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒక చెరువు, దాని ఆయకట్టు, పైనున్న బీడు కలిసేలా మూడు కిలోమీటర్ల దారిని ఎంచుకొని, సూర్యోదయం నుండి రెండు గంటలు, పదిహేను రోజులకు ఒకసారి నడవవచ్చు. పక్షి పేరు, సంఖ్యతో పాటు ఆ మడిలోని పంట దశ, ఆ వారం జరిగిన పని, నేల తేమ రాయాలి. దుక్కికి ముందు తీతువు తలపై తిరిగి అరుస్తుంటే దూరంగా నిలబడి, అది తిరిగి వచ్చి కూర్చునే చోటును గుర్తించాలి. గూటికి ఆనుకొని కర్ర పాతితే కాకి పసిగడుతుంది. కనుక ట్రాక్టరు సాలు వెంట గూటికి ఇరువైపులా పది అడుగుల దూరాన రెండు పుల్లలు గుచ్చి, వాటి నడుమ ముక్కను దున్నకుండా వదలమని రైతును కోరాలి. గుడ్లు పొదుగుటకు పట్టేది సుమారు నాలుగు వారాలు. పిల్లలు బయటకు వచ్చిన ఒకటి రెండు రోజులలో తల్లి వెంట గూడు విడిచిపోతాయి. ఆ తరువాత ఆ ముక్కను కూడా దున్నుకోవచ్చు.