పెరట్లో ఏం వేయాలి? ముందు నేల, నీరు చూసుకోండి

కాలువ కింద వరి పండించే రైతు కూడా కూరగాయలు వారం వారం సంతలో కొనే రోజులివి. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఉంటే ఆ ఖర్చు చాలావరకు తగ్గించుకోవచ్చు. అయితే పొట్లం మీద బొమ్మ చూసి విత్తనం కొనకండి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఎక్కువ భాగం నల్లరేగడే. వానకు నీరు దిగదు, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. బొప్పాయి మొదట్లో నీరు నిలిస్తే చెట్టు దక్కదు. కరివేపాకు, మల్లెకూ అది పడదు. వీటిని మట్టి ఎత్తుగా పోసి, పశువుల ఎరువు బాగా కలిపి నాటుకోవాలి. కూరగాయలకు బోదెలు మేలు.

ఇక నీరు. ఎండాకాలంలో కాలువ కట్టేస్తారు, చాలా ఇళ్లలో స్నానాల నీళ్లే దిక్కు. ఆ నీటికి పుంటికూర, తోటకూర, గోరుచిక్కుడు సరిపోతాయి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో టమాట చెట్టు పచ్చగానే ఉంటుంది గానీ పూత రాలిపోతుంది. దాన్ని వానలు తగ్గుముఖం పట్టాక నాటుకోండి.

"చిక్కుడు తీగ పందిరంతా పాకింది, ఒక్క కాయ లేదు" అని కొందరంటారు. తప్పు తీగది కాదు. నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూన్, జూలైలో పెట్టి చలికాలం దాకా ఆగాల్సిందే. చామంతిదీ ఇదే గుణం. రాత్రంతా వీధి దీపం వెలుగు పడేచోట వేస్తే పూత ఆలస్యమవుతుంది.

బెండకు శంఖు రోగం పెద్ద బెడద. తెల్లదోమ దీన్ని మోసుకొస్తుంది. పక్కన పత్తి చేలుంటే దోమ మరీ ఎక్కువ. పాత పూసా సావని కన్నా, తెగులును కొంత తట్టుకునే అర్క అనామిక నయం.

పూలలో మొదటి చోటు బంతికి ఇవ్వండి. జూలైలో నారు పోస్తే దసరాకు పూలొస్తాయి. టమాట పక్కన బంతి ఉంటే శనగపచ్చ పురుగు బంతిపూల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. టమాట పూతకొచ్చేసరికి బంతి పూసి ఉండాలి కాబట్టి దాని నారు పదిహేను రోజులు ముందే పోయాలి. పురుగు పట్టిన పూలు తుంచి నాశనం చేయాలి. కాస్త నీడ పడేచోట కనకాంబరం వేసుకోవచ్చు. మల్లెకు మాత్రం నిండా ఎండ కావాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పత్తికో మిరపకో తెచ్చిన మందు డబ్బా అడుగున మిగిలింది పెరట్లో కొట్టకండి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది, ఆ మందు నేరుగా మీ పిల్లల కంచంలోకే వస్తుంది. పది లీటర్ల నీటికి అరకిలో వేపపప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లుకోండి. మునగను గడపకు దూరంగా నాటండి, గొంగళి పురుగుల కాలంలో ఇంట్లో ఉండలేరు.