కంబదూరు బరువు 21 బైట్లు

‘కంబదూరు’ అనే ఊరి పేరును తెలుగులో రాస్తే కంప్యూటర్‌కు 21 బైట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో Kambadur అని రాస్తే ఎనిమిదే. యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, సున్నాకూ తలా మూడు బైట్లు పడతాయి. అలాగని తెలుగు పేజీ మూడింతలు ఆలస్యంగా వస్తుందని భయపడక్కర్లేదు. ఆ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు రకాలే. సర్వర్లో జీజిప్ కుదింపు పెడితే ఈ పునరుక్తి చాలావరకు కుదించుకుపోతుంది.

అసలు భారం జావాస్క్రిప్ట్‌ది. వంద కేబీల ఫొటో దిగిందంటే కనబడినట్టే. వంద కేబీల జావాస్క్రిప్ట్ దిగాక ఫోను దాన్ని చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. చౌక ఫోన్లు తడబడేది ఇక్కడే. 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చాక, సర్వర్ దాదాపు ఖాళీ పేజీ పంపడం, మిగతాదంతా ఫోనే కట్టుకోవడం బాగా పెరిగింది. లాభం లేకపోలేదు: మొదటిసారి ఆగితే చాలు, తర్వాత ప్రతి నొక్కుకూ పేజీ మొత్తం మళ్లీ దిగదు. కానీ కంబదూరు మండలంలో వేరుశనగ రైతు అడంగల్ (పొలం రికార్డు) చూసుకోవాలంటే సర్వే నంబరు కొడతాడు, చూస్తాడు, మూసేస్తాడు. మొదటి నిరీక్షణ ఖర్చంతా ఆయనే భరిస్తాడు, తర్వాతి వేగం ఆయనకు దక్కనే దక్కదు. ఇలాంటి పనికి సర్వర్లోనే సిద్ధం చేసిన పేజీయే సరైనదని నా గట్టి నమ్మకం.

బరువు సంగతి అలా ఉంచితే, తెలుగు అక్షరానికి వెబ్‌లో వేరే చిక్కులూ ఉన్నాయి. యూనికోడ్ అందరికీ అందక ముందు ఈనాడు సైటుకు సొంత ఫాంటు ఉండేది. అక్షరం అందంగా కనిపించేది గానీ గూగుల్‌కు అందేది కాదు. ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు వచ్చింది.

ఇంగ్లిష్ కొలతతో వరుసల మధ్య ఎడం బిగిస్తే మన వత్తులు తెగిపోవచ్చు. అక్షరాన్ని గీయడంలో ఇంకా పెద్ద చిక్కూ వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు చేరితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఒక్క తెలుగు అక్షరానికి ప్రపంచమంతా అప్‌డేట్ చేసుకుంది!

వెబ్ పేజీతో ఇన్ని తంటాలెందుకు, యాప్ చాలదా అనిపించవచ్చు. 2015లో ఫ్లిప్‌కార్ట్ మొబైల్ సైటు మూసి, యాప్ మాత్రమే అంది. ఆ ఏడాది నవంబరులోనే ‘ఫ్లిప్‌కార్ట్ లైట్’ పేరుతో బ్రౌజర్‌కే తిరిగొచ్చింది. ఒకసారి తెరిచిన భాగాలను బ్రౌజర్‌లోని సర్వీస్ వర్కర్ అనే స్క్రిప్టు ఫోనులో దాచి ఉంచుతుంది కాబట్టి, సిగ్నల్ పోయినా తెర తెల్లబోదు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లో పెట్టింది. కొత్త యాప్ దించుకునే పనిలేదు, నిజంగా మేలే. అయితే ఆ దారి ఒక కంపెనీ చేతిలో ఉంటుంది. సర్వే నంబరు అడిగే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం మాత్రం ఏ బ్రౌజర్‌లోనైనా, ఒక్క వరుస జావాస్క్రిప్ట్ లేకుండా పనిచేస్తుంది.